రెండో ఆదివారం

కాజీపేట జంక్షన్ల, ప్లాట్‌ఫారం మీద నల్లా పక్కన
కోర్టు కాయితం చెప్పినట్టే పొద్దుగాల తొమ్మిదింటికి
లౌక్య చెయ్యి నా చేతిల నుంచి ఆయన చేతిలకు మారుతది.
సంచిల టిఫిన్ డబ్బా, దగ్గు మందు, రెండు రిబ్బన్లు.
"మందు రెండు పూటలా" అంట నేను.
"ఊఁ" అంటడు ఆయన.
తొమ్మిదేండ్ల కాపురంల ఇంత తక్కువ మాట్లాడి
ఇంత సాఫుగ అర్థం చేసుకున్నది లేదు.

స్కూటీ మీద ఒక్కదాన్నే వాపస్ వస్త.
వెనుక బరువు లేక బండి ఊకె ఉరుకుతది,
ఫాతిమానగర్ బ్రిడ్జి మీద గాలికి చున్నీ ఎగురుతది.
సంతోషమా అంటే, ఏమో.
చెప్పుల రాయి తీసేసినంక గూడ
కాలు కొద్దిసేపు కుంటుతది గద.

కొత్తవాడల ఇల్లు అడగవోయిన నాడు
ఓనరమ్మ అడిగింది, "సారు ఎప్పుడొస్తడు?"
"సారు, మేడం రెండూ నేనే" అన్న.
ఆమె నవ్వలే. అడ్వాన్సు ఒక నెలది ఎక్కువ తీసుకుంది.
ఇప్పుడు వాళ్ల మోటరు ఆగితే
ఫ్యూజు వెయ్యనీకి నన్నే పిలుస్తది.

వారమంతా ఎనుమాముల మార్కెట్ల
అడ్తి దుకాణంల తక్‌పట్టీలు రాస్త.
మిర్చి సీజన్ల గాలే కారం.
ఇంటికొచ్చి మూడు సార్లు సబ్బు రుద్దినంకనే
పిల్ల ముఖం ముట్టుకుంట.
ఒకనాడు మర్శిపోయి దాని కండ్లు తుడిస్తే
అది ఏడ్శి, నేను ఏడ్శి,
ఎవరి మంట ఎవరిదో తెల్వలే.

ఈ ఒక్క ఆదివారం చేతులు ఖాళీ.
అర గ్లాసు బియ్యం పోస్త.
మంచం మీద అడ్డంగ పండుకుంట.
పక్కింట్ల మగ్గం టకటక,
జంపఖానా మీద ఎవరో నెమలిని నేస్తున్నరు.
అమ్మ ఫోన్‌ల "ఒక్కదానివి ఎట్లుంటున్నవే" అంటది.
ఇద్దరమున్నప్పుడే ఒక్కదాన్నుంటినమ్మా
అందామనుకొని
"తిన్నవా" అని అడుగుత.

నాలుగింటికే చెవులు రైలు దిక్కు.
నీకేందే, స్వతంత్రం అంటరు గని
దానికి గూడ ఒక గడియారం ఉంటదని
ఎవరూ చెప్పలే.

ఏడింటికి దిగింది లౌక్య.
వేరే ఇంటి కొబ్బరినూనె వాసన,
ఒక్కటే జడ, పక్కకు వంగి,
రిబ్బనుకు మూడు ముళ్లు.
"నాన్నే ఏసిండు. ఫోన్ల చూసుకుంట."
విప్పి సక్కగ వేద్దామని చెయ్యి పెట్టిన.
"వద్దమ్మా, రేపు బడికి ఇట్లనే పోత."

రాత్రి అది పండుకున్నంక
ఆ ముళ్లను ఒకసారి వేలితోని తడిమి చూసిన.
గట్టిగనే వేసిండు.