కారణానికి ఒక్క గీత

చకావ్ జలసంధిలో, బస్సుతో సహా ఓడ మీద, అరగంట.
అవతలి ఒడ్డు నుంచి పుయెర్తో మోంత్‌కి గంట.
ఆసుపత్రి బల్ల మీద రెండు గంటల నలభై నిమిషాలు.
లోపల ఆరు నిమిషాలు.
లెక్కల్లో నేను గట్టిదాన్నే,
ముప్పయ్యేళ్ళు అంకూద్ సంతలో ఉన్ని తూచి అమ్మినదాన్ని.

డాక్టర్ బార్రియెంతోస్ చెడ్డవాడు కాడు.
ఆ మాట ముందే చెప్పెయ్యాలి,
లేకపోతే మా ఆడపడుచు రొసాల్బా మధ్యలో అందుకుంటుంది.
మూడేళ్ళ కిందట
తలుపు పిడి మీద చెయ్యి వేసి నన్ను సాగనంపుతూ
నా దగ్గు విని ఆగిపోయాడు.
"ఎన్నాళ్ళనుంచి?"
అందరూ దాన్ని చలి అన్నారు, పొయ్యి పొగ అన్నారు, వయసన్నారు.
కీళ్ళ జబ్బు ఊపిరితిత్తుల దాకా పాకిందని
ఆయన ఒక్కడే పట్టుకున్నాడు.
ఆ ఒక్క దగ్గు బాకీ కిందే
ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు.

పోయినసారి
కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోనేలేదు,
ఆయన చూపు అప్పటికే తెర మీద.
"అంకెలు బాగున్నాయి, ఎలెనా."
నా పేరు ఎడెల్మిరా.
అంకెలు బాగుంటే సంతోషమే.
వాటికి పొద్దున్నే కోటు బొత్తాలు పెట్టుకునే పని లేదు,
బంగాళాదుంప తొక్క తీసే పనీ లేదు.
నా చేతులు మాత్రం ఒళ్ళో పడి ఉన్నాయి,
సాయంత్రం దాకా అమ్ముడుపోని చేపల్లా.
చీటీలో ఐదు ప్రశ్నలు రాసుకెళ్ళాను.
రెండోది నోట్లో ఉండగానే ప్రింటర్ గురగురమంది.
మిగిలినవి నాతోపాటే తిరిగి ఓడెక్కాయి.

గొడుగు మరిచిపోయి వెనక్కి వెళితే
నడవా చివర కిటికీ దగ్గర నిలబడి
రొట్టె ముక్క మింగుతున్నాడు, నీళ్ళైనా లేకుండా.
ఒక బూటు తాడు ఊడి నేల రాస్తోంది.
తలుపుకి అంటించిన జాబితాలో ముప్పయ్యొక్క పేర్లు.
నాది పంతొమ్మిదో పేరు.
ఆయన్ని ఎవరో తరుముతున్నారు,
ఆయన నన్ను తరుముతున్నాడు,
నేను ఇంటికొచ్చి కుక్కని కసిరాను.

ఒసోర్నోలో ఒకావిడ ఉందంటుంది పక్కింటి ఒతీలియా.
కూర్చోబెడుతుందట. నిద్ర పడుతోందా అని అడుగుతుందట.
వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూస్తుందట,
పిండి ఎంత పొంగిందో నొక్కి చూసినట్టు.
"మరి నీ దగ్గు ఆవిడ చెవిన పడేదా?" అంటుంది రొసాల్బా.
కొత్త వైద్యుడికంటే పాత రోగి మేలంటారు.
పాత రోగిని నేనే.
ఆ మేలేదో నాకే అంతుపట్టడం లేదు.

డాక్టరు మార్పు కోరే కాగితం తెచ్చుకున్నాను.
పేరు, ఊరు, గుర్తింపు సంఖ్య,
పుట్టిన తేదీకి కూడా ఎనిమిది గళ్ళు.
కారణానికి ఒక్క గీత.

'తొందర' అని రాశాను. కొట్టేశాను.
తొందర ఎవరికి లేదు, ఓడకి కూడా ఉంది.
'నా పేరు మరిచాడు' అని రాశాను. అదీ కొట్టేశాను.
మనవళ్ళని నేను పిలిచే పేర్లన్నీ తారుమారే.
మగ్గం మీద పోగు తప్పితే
విప్పి మళ్ళీ నేయాలి, లేదా ఆ తప్పునే పువ్వు చేసుకోవాలి.
నా ఇంట్లో అలాంటి పువ్వుల దుప్పట్లు చాలా ఉన్నాయి.
కొన్నవాళ్ళెవరూ కనిపెట్టలేదు.
నాకు మాత్రం ఏ పువ్వు తప్పో తెలుసు.

పెన్ను పిడికిట్లో ఇరికించుకుని, చెంచా పట్టినట్టు,
గీత మీద చివరికి ఇలా రాశాను:
'మూడేళ్ళుగా నా చేతులు ముట్టుకోలేదు.'
తలెత్తి గడియారం చూశాను.
ఈ నాలుగు మాటలకి ఏడు నిమిషాలు పట్టింది.

రేపు మొదటి ఓడ.
కాగితం సంచిలోనే ఉంది, సంతకం పెట్టలేదు.
ఈసారి కూర్చోను. ముందు ఈ చేతులు రెండూ
ఆయన కీబోర్డు మీద పెడతాను,
ఏ అక్షరాలు పడితే ఆ అక్షరాలు పడనీ.

ఏ ఓడకి తిరిగొస్తానో రొసాల్బాకి చెప్పలేదు.