తరుగు

ఐసు ఫ్యాక్టరీ గోడకి దుప్పటి కట్టారు.
యూనియన్ ఆఫీసు సన్యాసప్పడు ఎక్కణ్ణించో తెచ్చాడు,
నలుపూ తెలుపూ బొమ్మ, మాటలు ఏ దేశానివో.
కింద అక్షరాలు పరిగెడుతుంటే
"నువ్వు సదువుకున్నావు కదే, సెప్పు" అన్నారు.
రెండో వరస చదివేసరికి మూడోది పోయేది.
కాసేపటికి మానేశాను. ఎవరూ అడగలేదు.

మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆడవాళ్ళు.
లంగాలు ఎగ్గట్టి, తలలకు గుడ్డలు చుట్టి,
ఎంత దూరం చూసినా వంగిన నడుములే.
గట్టు మీద, గొడుగు కింద ఎవరో,
ఒళ్ళో పుస్తకం.

నూకరత్నం ముందు నవ్వింది.
"ఓలమ్మో, ఆ నారు పట్టుకోడం సూడండే!
నా సేతికిస్తే పొద్దుగూకేలోపు మడి ముగించీనా?"
పెళ్ళికి ముందు పాలకొండ దగ్గర నాట్లేసిన మనిషి,
పన్నెండేళ్ళుగా హార్బరులో రొయ్యలు ఒలుస్తోంది.

కొండ మీది లైటుహౌసు వెలుగు తిరిగొచ్చినప్పుడల్లా
దుప్పటి తెల్లబోయి
అంతమందీ మాయం.
చీకటి పడగానే మళ్ళీ అక్కడే,
అలాగే వంగి.

ఎల్లాజీ పటికబిళ్ళ వేళ్ళకి రుద్దుకుంటూ చూసింది.
రొయ్య నీరు తిన్న వేళ్ళు.
"ఆళ్ళకి జలగలు, మనకి ఐసు."
"జలగే నయం," అంది కాసులమ్మ, "తాగి వొగ్గేస్తాది."

అప్పుడు ఒక పిల్ల నడుం ఎత్తింది.
గట్టు వైపు తిరిగింది.
నోరు తెరిచింది.

కరెంటు పోయింది.

దోమలు, డీజిలు కంపు, అరగంట.
రాలేదు. లేచి ఇళ్ళకి పోయాం.

తెల్లారగట్ల నాలుక్కి షెడ్డులో
ఐసు నీళ్ళలో చేతులు ముంచి ఒకటే వాదన.
ఏటందా పిల్ల?
"దాహం అంది."
"ఛ, కూలడిగింది."
"ఒంటికెల్లాలంది, ఇంకేటంటాది," అంది దానయ్యమ్మ,
పొద్దుట్నించీ తనకీ అదే బాధ.
షెడ్డంతా పడీపడీ నవ్వారు.
మేస్త్రీ కేకేశాడు. నవ్వు ఆగింది.
చేతులు ముందు కూడా ఆగలేదు.

తొమ్మిదింటికి కాటా దగ్గర నేను.
బేసిన్ పెడతారు, పైకి చదువుతాను,
రాస్తాను, బిళ్ళ ఇస్తాను.
పన్నెండు. తరుగు ఒకటి. పదకొండు.
ఐసు కరిగిన నీళ్ళకట. ఎంత కరిగినా ఒకటే.
ఈ లెక్క నేను పెట్టింది కాదు,
నేను చేరేసరికే పుస్తకంలో ఉంది.

కాసులమ్మ బిళ్ళ తీసుకుని కదల్లేదు.
"రేతిరి ఆ బొమ్మలో,
గొడుగు కింద పుస్తకం ఎట్టుకుని కూకుంది సూడు,
ఆ మనిషి మొగోడా, ఆడదా?
నాకు సరిగ్గా అవుపళ్ళేదమ్మా."

కోపంగా కాదు. నిజంగానే అడిగింది.

"నేనూ చూళ్ళేదు," అన్నాను.
సరేనని తలూపి, చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళింది.
వెనక వరస తోసుకొస్తోంది.
దానయ్యమ్మ బేసిన్, అంచు దాకా.

తొమ్మిదిన్నర, అన్నాను పైకి.

తరుగు మాట
ఇంకా అనలేదు.