మీటరు దీపాలు

కనిగిరిలో, పామూరు రోడ్డు మీద,
టైర్ల కొట్టుకీ టీ బంకుకీ మధ్య
ఆరడుగుల వెడల్పు నా షాపు.
చెట్టు లేదు. నీడంతా
తలకిందులుగా కట్టిన పాత ఎన్నికల ఫ్లెక్సీది.

భోజనాల వేళ దాటాక నాసరయ్య కారు తెచ్చి ఆపాడు.
"రాత్రయితే లోపలంతా గుడ్డి, అబ్బయ్యా.
స్పీడెంతో తెలీదు, ఆయిలెంతో తెలీదు.
ఏసీ మీటలు కూడా తడుముకోవాల్సిందే."
ఎన్నాళ్ళయిందంటే వేళ్ళు ముడిచాడు, విప్పాడు:
నాలుగు నెల్లు.

మరి ఎట్టా తోలావు?

"గాలి కూతను బట్టి.
అరవై దాటితే ఎడమ అద్దం సణుగుద్ది.
డీజిలు మాత్రం
సెల్లు నోట కరుచుకుని చూసేవాణ్ణి."

డాష్‌బోర్డు విప్పడం పన్ను పీకడం లాంటిది.
బలం పనికిరాదు, భయమూ పనికిరాదు.
ప్లాస్టిక్ క్లిప్పు ఒక్కటి టప్పుమందా,
ఆ బండి బతికున్నన్నాళ్ళూ గతుకు గతుక్కీ
కీచుమని నన్ను తిడతానే ఉంటది.
జిలానీ స్క్రూలన్నీ టిఫిను మూతలో వేశాడు.
పోయినసారి ఒకటి మిగిలింది,
ఏ బండిదో ఇప్పటికీ తెలీదు.

లోపల ఎర్రదుమ్ము,
రెండు వక్కపలుకులు, ఒక రూపాయి బిళ్ళ,
ఆసుపత్రి టోకెను: పదకొండో నంబరు,
డయాలసిస్, ఒంగోలు.
తుడిచి పక్కన పెట్టాను.

ఏసీ బోర్డు మీద సీసం అతుకు ఒకటి
చలికాలపు పెదవిలా చిట్లి ఉంది.
కడ్డీ కాలింది. గుగ్గిలం పొగ సన్నగా లేచింది
(జిలానీకి ఆ వాసనంటే బిర్యానీ కంటే ఇష్టం).
చుక్క పడింది, మెరిసింది, మసకబారి గట్టిపడింది.
జొన్నగింజంత బల్బులు రెండు మార్చాను.
తాళం తిప్పితే మీటలు వెలిగాయి:
ఫ్యాను బొమ్మ, మంచుపువ్వు,
కాళ్ళ మీదికి గాలి తోలించుకుంటూ కూచున్న మనిషి.

మీటరు మాత్రం వెలగలేదు.

ఫ్యూజు బాగుంది. ఎర్తు బాగుంది.
కరెంటు గుమ్మం దాకా వస్తోంది,
లోపలికి అడుగు పెట్టట్లేదు.
రెండు టీలు చల్లారాయి.
పదిహేడేళ్ళ అనుభవానికి ఒక కోపం వస్తుంది చూడండి,
అది వచ్చింది, నా మీద నాకే.

అప్పుడు కనపడింది,
స్టీరింగుకి కుడివైపు, గాలిజాలీ కింద,
మురికికి పళ్ళు పూడిపోయిన చిన్న చక్రం.
అడుగుదాకా తిప్పేసి ఉంది.
బొటనవేలి గోటితో పైకి తోశాను.
ఆకుపచ్చగా, నిదానంగా,
సున్నా నుంచి నూటఎనభై దాకా
అంకెలన్నీ కళ్ళు తెరిచాయి.

జిలానీ పకపకా నవ్వాడు. నేనూ నవ్వబోయాను.

"నేనే తిప్పాను" అన్నాడు నాసరయ్య.
"దీనమ్మ గారని, నర్సమ్మగా చేసి రిటైరయింది.
వారానికి మూడుసార్లు ఒంగోలు.
తెల్లారగట్ల మూడింటికి బయల్దేరేవాళ్ళం.
కాళ్ళ వాపులు, ముందు సీట్లోనే కూచునేది.
'ఆ దీపం కళ్ళల్లో గుచ్చుతా ఉంది నాయనా' అంటే
పొదిలి దాటినాక తిప్పేశా.
పడుకుంది. చీమకుర్తి దాకా లేవలేదు."
కాసేపాగి,
"ఆ వారమే ఏసీ దీపాలూ పోయాయి.
రెండూ ఒకటే జబ్బనుకున్నా."

తర్వాతేమయిందని అడగలేదు.
టోకెను చేతిలో పెట్టాను.
లైసెన్సు వెనకాల దోపుకున్నాడు.

అతుకుకి నూటయాభై, బల్బులకి ఎనభై, రాశాను.
చక్రానికి కూడా రాయమన్నాడు జిలానీ,
దాంతోనేగా గంటన్నర పోయిందని.
రాయలేదు.

పొద్దుగూకింది. బండి కదిలి
స్పీడుబ్రేకరు దగ్గర ఆగింది.
వెనకద్దంలోంచి ఆకుపచ్చ వెలుగు,
తగ్గింది, పూర్తిగా పోయింది,
మళ్ళీ కొంచెం వచ్చింది.
ఎంత చాలో చూసుకుంటున్నట్టున్నాడు.

జిలానీ టిఫిను మూత చూపించాడు.
ఒక స్క్రూ.
"పరిగెత్తనా?"
ఉండనీరా, అన్నాను.
ఎడమ అద్దం సణుగుడు తీసేయమని
ఎట్టాగూ రావాలిగా.