మట్టం

ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన పని
కర్ర పట్టుకుని నిలబడటం.
నాలుగు మీటర్ల లెవెలింగ్ స్టాఫ్.
ఎరుపూ నలుపూ గళ్లు, కట్లపాము ఒళ్లులా.
దూరంగా మూడుకాళ్ల స్టాండు మీద ఒంటికన్ను ఆనించి
ఇంజనీరు గారు అరిచేవారు:
"జక్రయ్యా, కదలకు. ఊపిరి కూడా ఆపు."
ఆపేవాణ్ణి.
అలా బిగబట్టిన క్షణంలోనే
నేల తన ఎత్తెంతో ఒప్పుకునేది.

అందుకే ఇవాళ షామియానా కింద
ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వాళ్ల ఫ్లెక్సీ చూస్తుంటే
నవ్వు రాలేదు, దగ్గొచ్చింది.
బుడమేరు పక్కన నలభై ఎకరాల పల్లం,
నా మోకాళ్లకి తెలిసిన పల్లం,
అక్కడ పచ్చటి తివాచీ అయిపోయింది.
రెండు హంసలు. ఒక ఫౌంటెన్.
సైకిల్ తొక్కుతూ ఎవరో తెల్లపిల్ల.
జమ్ము లేదు, తుంగ లేదు,
గుర్రపుడెక్క మీద కాలు తడవకుండా నడిచే నీటికోడి లేదు.
బుల్లెమ్మ తట్టలో ఏరుకొచ్చే నత్తలు
ఏ ఫేజులో ఉన్నాయో రాయలేదు.

వెంచరు కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు.
"ఆరడుగులు మెరక చేస్తాం సార్. థర్మల్ బూడిద, పైన గ్రావెలు.
మా ప్లాట్లలోకి చుక్క నీరు రాదు."
పంక్చర్ల ఖాజావలి లేచాడు,
వేళ్లకి ఇంకా సొల్యూషన్ అంటుకునే ఉంది.
"మీకు రాదు బాబూ.
మీకు రాని నీళ్లు ఎవరింటికి పోతాయో
ఆ అడ్రసు కూడా కాయితంలో రాయండి."
చప్పట్లు. మైకు కుయ్యిమంది.
వెనక వరసలో నా బావమరిది తల దించుకున్నాడు.
నూటపన్నెండో నంబరుకి అడ్వాన్సు కట్టాడు పాపం.

మా ఇంట్లో చార ఇంకా ఉంది,
గోడగడియారానికి నాలుగు వేళ్లు కింద.
రెండు పూతల రంగు తిని మళ్లీ బయటపడింది.
ఆ వరదలో గడియారం నడుస్తూనే ఉంది.
మేడ మీద పాలప్యాకెట్ల పడవ కోసం చూస్తూ
కింద దాని టిక్కుటిక్కు విన్నాం,
నీళ్ల మీంచి వింటే ఎవరో వంటింట్లో ఉన్నట్టుండేది.

నా వంతొచ్చింది.
ఆఫీసరు ఫైలు తిప్పి అడిగాడు:
"మీ కాలనీ కూడా ఒకప్పుడు పల్లమేగా పెద్దాయనా?"

అవును.
ఆ కొలతకి స్టాఫ్ పట్టుకున్నది నేనే.
ఆ రోజు ఇంజనీరు గారు ఊపిరాపమనలేదు.
"ఇటుక మీద పెట్టు" అన్నారు.
పెట్టాను.
రీడింగు తగ్గింది, కాయితం మీద నేల లేచింది.
ప్రతి గుర్తు దగ్గరా అదే ఇటుక,
చంకలో పెట్టుకుని తిరిగాను సాయంత్రం దాకా.
తర్వాత నాకూ అందులో తొంభై గజాలు వచ్చాయి.
గృహప్రవేశానికి ఆయన స్టీలు బిందె పంపారు.

ఇదంతా మైకులో చెప్పాను.
కొందరు నన్ను తిట్టారు. మా ఎదురింటి మరియమ్మ అయితే
"ఇన్నాళ్లూ మా గడప తొక్కావా" అంది.
ఆఫీసరు పెన్ను ఆపి, మళ్లీ రాశాడు.
అభ్యంతరం నలభై ఒకటి.
సంతకం వంకర పోయింది.

పొద్దు వాలాక పల్లం దగ్గరికి వెళ్లాం.
తాపీమేస్త్రి దావీదు నీళ్లట్యూబు ఇచ్చాడు.
ఒక కొస నా దగ్గర,
ఇంకో కొస ఖాజావలి కూతురు రుబీనా దగ్గర,
పాలిటెక్నిక్ రెండో ఏడు.
"కదలకు తాతా" అని అరిచింది.
మా కాళ్ల కింద ఏ ఇటుకా లేదు, ఆమె రెండుసార్లు చూసుకుంది.
అప్పుడే గట్టు మీంచి బూడిద టిప్పరు పోయింది,
ఇంకా అనుమతి రాని చోటుకి.
నేల అదిరి ట్యూబులో నీళ్లు
పైకీ కిందకీ చాలాసేపు ఊగాయి.

ఆగేదాకా పట్టుకునే ఉన్నాం.