సిరొంచలో మూడో రోజు

సూది వేసింది నేనే.
రెండో డోసు, ఎడమ భుజం, మంగళవారం.
రిజిస్టర్లో నా గుండ్రటి మరాఠీ అక్షరాలున్నయి:
దుర్గం బానేశ్ సమ్మయ్య, పందొమ్మిదేళ్ళు.
చొక్కా చెయ్యి పైకి లాగుతూ నవ్విండు,
"సిస్టరమ్మా, రేపు పరుగు మానుడెందుకు?"
పోలీసు భర్తీకి పదహారు వందల మీటర్లు,
పొద్దుగాల్నే ప్రాణహిత గట్టున ఉరికే పిలగాడు.
ఒక్కరోజు ఆగమన్న.
ఒక్కరోజే అన్న.

శుక్రవారం రాత్రి సమ్మయ్య బండి మీద తెచ్చిండు.
పండుకుంటే ఎదల పొడుస్తుందట,
ముందుకు వంగితే తగ్గుతుందట.
మా దిక్కు ఒళ్ళు వెచ్చబడితే ముందు మలేరియానే;
వేలు గుచ్చి చూసినం, లేదు.
సమ్మయ్య గ్యాసన్నడు, ఓదెమ్మ దిష్టన్నది,
నేనేమీ అనలేదు.
వాళ్ళు చూస్తున్నది నా చేతినేమోనని
చెయ్యి జేబులో పెట్టుకున్న.

ఈసీజీ మిషను కాగితం కక్కింది.
దిగాల్సిన చోట దిగకుండా గీత
వాగులో ఇసుక మేటలెక్క లేచి నిలబడ్డది.
మేశ్రాం డాక్టర్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చూసి
చీటీ మరాఠీలో రాసిండు.
గడ్చిరోలి దాకా రెండు వందల కిలోమీటర్ల అడవి.
వంతెన దాటితే తెలంగాణ.
అంబులెన్సు అటే తిరిగింది.

వరంగల్‌లో కొత్త మాట చెప్పిన్రు: ట్రోపోనిన్.
కండ నొచ్చుకుంటే నెత్తుట్లోకి కారే సాక్ష్యమట.
రక్తనాళాలు సాఫుగున్నయి, ఎకోలో పంపు బానే కొడుతుంది.
"గుండె కండరంలో మంట" అన్నది చిన్న డాక్టరమ్మ.
ఓదెమ్మ లేచి నిలబడ్డది.
"మంటనా? ఎవల మీద బిడ్డా?
వాడు ఎవల్నీ పల్లెత్తు మాటనడు."
తర్జుమా చెయ్యలేక నిలబడ్డ
తెలుగు నుంచి తెలుగులోకి.

లక్షల మందిలో ఏ కొందరికో వస్తదట,
ఎక్కువగా ఈ వయసు మగపిల్లలకే,
చాలామందికి దానంతటదే మానుతదట.
లక్షలంటే నాకు తెలుసు, ఐసు పెట్టె మోసినదాన్ని.
ఆ కొందరిలో ఒకడు
ఎదురుగ మంచం మీద పాలల్ల బ్రెడ్డు ముంచుకుంటున్నడు.

మూడు రాత్రులు మానిటరు, నొప్పికి గోళీలు.
అసలు మందు ఊరుకోవడమే:
ఆరు నెలలు ఉరకద్దు, మూటలెత్తద్దు, కబడ్డీ ఆడద్దు.
భర్తీ నాలుగో నెలల.
వాడు గోడ దిక్కు తిరిగి పండుకున్నడు,
పొడిచినా సరే.

ఫారంలో ఒక గడి: టీకాతో సంబంధం.
ఉంది, ఉండవచ్చు, లేదు, తేల్చలేం.
"ఉండవచ్చు" మీద టిక్కు పెట్టి
కింద నా పేరు పూర్తిగ రాసిన, కాంపెల్లి సునంద.
పెన్ను ఎందుకు ఆగిందో ఎవలూ అడగలేదు.

మళ్ళీ మంగళవారం పెట్టె తెరిచిన.
ఇప్పుడు ఒక మాట ఎక్కువ చెప్తున్న:
వారం లోపల ఎదనొప్పి, ఆయాసం, దడ
ఏదొచ్చినా అర్ధరాత్రైనా లేపుండ్రి.
విని ఇద్దరు లేచి పోయిన్రు.
మిగిలినోళ్ళు చొక్కా చెయ్యి పైకి లాగిన్రు.

బానేశ్ గట్టు మీద నడుస్తున్నడు,
దోస్తులు ఉరికితే గడియారం పట్టుకొని.
కొత్త ఈసీజీల గీత నేలకు దిగింది.
పాతది రిజిస్టర్ల దాచిన.
ఎండాకాలానికి ఆ కాగితం పాలిపోయింది,
లేచిన గీత కండ్లకు ఆనుతలేదు.
అది పూర్తిగ పోకముందే
కిటికీ దగ్గర కూసోని
నీలి పెన్నుతో దిద్దుకుంట పోయిన.