పడుడు

కాజీపేట రైల్వే గ్రౌండ్ల అప్పుడు గడ్డి లేదు,
మొరం ఉండేది.
నేను గోల్‌కీపర్ అయింది పొడుగున్నానని కాదు,
బూట్లు లేవని.
బూట్లు లేనోడు గోల్‌ల నిలబడాలె,
అది మా బస్తీ రూలు.

డీజిల్ షెడ్డు సైరన్ కూసేదాక ఆట.
మోచేతుల తోలు ఆ నేలకు ఎంతిచ్చిన్నో లెక్క లేదు.
అమ్మ పసుపు అద్దుకుంట తిట్టేది:
"బంతిని పట్టనీకి పడాల్నారా,
నిలబడి పట్టరాదా?"
ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

సుబేదారి కాలేజీల బీఏ.
హిస్టరీ క్లాసుల కన్నా
గోల్‌పోస్టు నీడల ఎక్కువ కూసున్న.
యూనివర్సిటీ టీముల పేరొచ్చిన్నాడు
క్యాంటీన్ ఓదెలు ఖాతాబుక్కు తీసి
నా బాకీ మీద అడ్డగీత కొట్టిండు.
అంత పెద్ద సంతకం నా కోసం
మళ్ల ఎవ్వరూ పెట్టలే.

తర్వాత గోవా.
కాంట్రాక్టు కాయితం ఆరు పేజీలు,
నేను చదివింది జీతమున్న లైను ఒక్కటే.
అక్కడ గడ్డి!
మొదటి రోజు ఎగిరి పడితే
నేల నన్ను తిరిగి కొట్టలే.
భయమైంది.
కొట్టని నేలను ఎట్ల నమ్ముడు?

మూడు సీజన్లు బెంచి మీదనే.
నీళ్ల సీసాలు అందిచ్చిన,
పెద్ద కీపర్‌కు గ్లౌజులు ఆరబెట్టిన.
ఆయన వేలు విరిగిన సాయంత్రం, వానల,
నలభై ఒక్క నిమిషాలు ఆడిన.
మూడు ఆపిన.
నాలుగోది కాళ్ల సందుల నుంచి పోయింది,
ఎరికున్నోడు పలకరియ్యకుంట పోయినట్టు,
మెల్లగ.
తెల్లారి పేపర్ల
గుండేటి వీరస్వామి కాదు,
ఎవరో వీరాసామి, తమిళనాడు.
పేరు వేరేటోనిది, గోలు నాది.

మోకాలు పోయింది ఆటల కాదు,
స్టేషన్ల బ్యాగు పట్టుకొని దిగుతుంటే.
దాని గురించి అడిగినోళ్లకు
ఆటల పోయిందనే చెప్పిన చాన్నాళ్లు.

ఇప్పుడు హన్మకొండ గిరిజన గురుకులంల కోచ్‌ను.
మళ్ల కాంట్రాక్టే. ఈసారి ఒక్కటే పేజీ,
పూర్తిగ చదివిన.

ఏటూరునాగారం అవతలి నుంచొచ్చిన పిల్ల,
ఈసం రాధిక,
బంతి మీదికొస్తే కండ్లు మూసుకోదు,
గని పడదు.
నిలబడే పట్టాలని చూస్తది,
మా అమ్మ మాట విన్నట్టు.

"ఇటు చూడు బిడ్డా.
మొదలు పిక్క, తర్వాత తొడ,
తర్వాత పక్క, ఆఖరికి భుజం.
నేలకు ఒక్కపారే అప్పజెప్పొద్దు,
వాయిదాల మీద ఇయ్యాలె."

"మీరు పడి చూపియ్యున్రి సార్."

పిల్లలందరు లైను మీద కూసున్నరు.
సున్నం ఇంకా తడిగనే ఉన్నది.
ఎవరో తన్నిన్రు. ఎగిరిన.
పిక్క, తొడ, పక్క, అన్నీ ఒక్కపారే.
ఈ నేల నన్ను మర్చిపోలే.

లేచుడు ఆలస్యమైంది.
రాధిక గ్లౌజు తియ్యకుంటనే చెయ్యిచ్చింది.
"పట్టిన్రా సార్?"
వెనక్కి చూస్తే
బంతి నెట్టుల ఉన్నది.

"మళ్లొకసారి తన్నున్రి," అన్న.