రెండే రెండు

ఏడాదంతా నేను మెట్ల కింద గదివాణ్ణి.
వంతొచ్చినా గిన్నెలు కడగడం మర్చిపోయేవాణ్ణి.
గ్రోనింగెన్ కాలువల మీద పలచగా మంచు కట్టి
జనవరి పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు,
ఇంట్లో అందరికీ నా పేరు గుర్తొస్తుంది.

"సిట్సె, మెలకువగానే ఉన్నావా?"
యెల్మర్. చేతిలో వేడి బఠాణీ సూప్.
ఇన్నాళ్లూ మంచినీళ్లిచ్చిన పాపాన పోలేదు వీడు.
"రెండే రెండు. గురువారం స్టాటిస్టిక్స్."
పక్కింట్లో ఉప్పు అడిగినట్టు.

తొమ్మిదేళ్లప్పుడు
ఒక డాక్టరమ్మ నా ముందు రంగు పెన్సిళ్లు పరిస్తే
నేను కిటికీలో పావురాన్ని చూస్తూ కూర్చున్నాను.
అప్పుడు రాసిచ్చిన మాత్ర అది.
మొదటిసారి మింగిన పొద్దున
అమ్మ ఒక వాక్యం మొదలుపెట్టింది,
చివరిదాకా నేను ఆమె వెంటే నడిచాను.
అమ్మ ఏడ్చింది.
ఎందుకో అర్థం కాలేదు,
ఆ వాక్యంలో ఉన్నది తడి బూట్ల సంగతే.

వాళ్లకది రెక్కలట.
నాకు నేల.

వీట్స్కె నిన్న రాత్రి థీసిస్ రాస్తానని కూర్చుని
మసాలా సీసాలన్నీ అక్షరక్రమంలో సర్దింది.
సైకిల్ గొలుసును పళ్ల బ్రష్షుతో తోమింది.
తెల్లారగట్ల నాలుగింటికి వంటగదిలో
దవడ బిగించి, రెప్ప వెయ్యకుండా
"ఇంత బాగా ఎప్పుడూ చదవలేదు తెలుసా" అంది.
ఏం చదివావని అడగలేదు నేను.
గుండె మీద అరచెయ్యి ఎందుకు పెట్టుకున్నావనీ
అడగలేదు.

నేను డబ్బు తీసుకోను.
దాంతో కొన్నాళ్లు మంచివాణ్ణే అనుకున్నాను.
సూప్ తీసుకుంటాను.
సోఫాలో కాస్త జరిగితే ఆ చోటు తీసుకుంటాను.
నా జోకుకి ఫార్దౌ నవ్విన నవ్వు
జేబులో వేసుకుని గదికొచ్చేస్తాను.

గురువారం పొద్దున అట్ట తిరగేసి చూస్తే
అన్నీ చిల్లులే, వెండి కాగితం నాలుకలు బయటపెట్టి.
ఫార్మసీలో మళ్లీ ఇచ్చేది సోమవారం.

ఆ హాల్లో నాలుగు వందల బల్లలు.
మూడు వరసల ముందు యెల్మర్
తల ఎత్తకుండా రాస్తున్నాడు,
మడమ మాత్రం కుట్టుమిషనులా ఆడుతోంది.
నా ముందమ్మాయి స్వెట్టర్‌కి ఒక దారం వేలాడుతోంది.
వెనక ఎవరో చీదారు.
ఎవరి గడియారమో.
మొదటి ప్రశ్న పదకొండుసార్లు చదివాను.

ఆ హాలుకు కిటికీల్లేవు.
అయినా పావురం వచ్చి వాలింది.